క్యాప్షన్‌లో 1929 అని పడితే, చదివేవారు దేన్ని నమ్మాలి?

ప్రశ్న: నమస్కారం. నేను అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటరులో గ్రూప్స్ అభ్యర్థులకు తెలంగాణ చరిత్ర, పాలిటీ చెబుతాను. ఏడాదిగా తొంభై సెకన్ల చిన్న వీడియోలు చేసి యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నాను. ఎడిటింగ్ యాప్ తనంతట తానే వేసే తెలుగు క్యాప్షన్లను అలాగే వదిలేస్తూ వచ్చాను. పోయిన నెల వినికిడి లోపం ఉన్న ఒక అభ్యర్థి నాకు సందేశం పంపారు. నేను '1969 ఉద్యమం' అని చెప్పిన చోట క్యాప్షన్‌లో 1929 అని పడిందని, ఆయన దాన్నే నోట్సులో రాసుకున్నారని, వారం తర్వాత పుస్తకం చూస్తే గాని తప్పు తెలియలేదని రాశారు. చాలా సిగ్గుపడ్డాను. కానీ ఒక్కో వీడియోకు క్యాప్షన్లు సరిదిద్దాలంటే గంట పడుతోంది. 'తొంభై శాతం సరిగ్గానే వస్తోంది కదా సార్, వినపడనివాళ్లు ఎంతమంది చూస్తారు' అని మా ఎడిటర్ తమ్ముడు అంటున్నాడు. అసలు క్యాప్షన్లే తీసేస్తే తప్పు చెప్పిన పాపమైనా ఉండదు కదా అని ఒక్కోసారి అనిపిస్తోంది. ఏం చేయమంటారు? ఇంకో మాట: నేను పాఠం తెలంగాణ యాసలోనే చెబుతాను. క్యాప్షన్‌లో దాన్ని పుస్తక భాషలోకి మార్చాలా?
— ఒక అధ్యాపకుడు, హైదరాబాద్

సమాధానం: క్యాప్షన్లు తీసేయకండి, సరిదిద్దండి. గంట పనిని ఎలా తగ్గించుకోవచ్చో కూడా చెబుతాను గానీ, ముందు ఆ 1929 దగ్గర కాసేపు ఆగుదాం. మీరు అడిగిన వాటిలో చాలా వాటికి జవాబు ఆ అంకెలోనే ఉంది.

మీరు నోటితో 'పంతొమ్మిది వందల అరవై తొమ్మిది' అన్నారు. యాప్ 'అరవై'ని 'ఇరవై'గా పట్టుకుంది. ఈ రెండు మాటలకూ తేడా మొదటి అచ్చులోనే ఉంది. గదిలో ఫ్యాను తిరుగుతున్నా, మీరు కాస్త వేగంగా చెప్పినా ఆ అచ్చు నలిగిపోతుంది. వినగలిగిన అభ్యర్థికి తెర మీద 1929 కనిపించినా చెవిలో 1969 పడుతుంది కాబట్టి, అది యాప్ పొరపాటని క్షణంలో గ్రహించి ముందుకు పోతాడు. బహుశా గమనించను కూడా గమనించడు. మీకు సందేశం పంపిన అభ్యర్థికి ఆ రెండో సాక్ష్యం లేదు. పైగా అది నమ్మదగ్గ తప్పు. ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిచ్చే ముల్కీ నిబంధనల మీద నిజాం ఫర్మానా వచ్చింది 1919లో. ఈ పరీక్షకు చదివే మనిషికి ఆ సంవత్సరం తెలిసే ఉంటుంది. ఆ తర్వాత పదేళ్లకు అదే విషయం మీద ఒక ఉద్యమం జరిగిందంటే ఆయన అనుమానపడవలసిన అవసరం కనిపించదు. యాప్ అర్థం లేని మాట వేసి ఉంటే ఆయన అక్కడే ఆగి ఆలోచించేవారు. చూడటానికి సరైన సంవత్సరంలాగే ఉంది కాబట్టి నోట్సులోకి ఎక్కించుకున్నారు.

ఇది నాకు పుస్తకాల ద్వారా తెలిసిన సంగతి కాదు. మా అక్కకు తొమ్మిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఇప్పుడు ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. తెలుగు పేపరును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది, పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటుంది, మాతో నోటితోనే మాట్లాడుతుంది. ఇంట్లో పదిమందిమి భోజనాలకు కూర్చుని అందరం ఒక్కసారి నవ్వినప్పుడు ఆమె మా ముఖాలు ఒక్కొక్కటే చూసి 'ఏమన్నారు?' అని అడిగేది. మేమంతా, నేను కూడా, 'తర్వాత చెప్తాలే' అనేవాళ్లం. ఆ తర్వాత అన్నది చాలాసార్లు రాలేదు. చేతికి ఫోను వచ్చి, వీడియోల మీద అక్షరాలు పడటం మొదలయ్యాక ఆమె మమ్మల్ని అడగడం తగ్గించింది. వంటలు, వార్తలు, ఆరోగ్య సలహాలు తనంతట తాను చూసుకుని, ఒక్కోసారి మాకే కొత్త సంగతులు చెప్పేది.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం ఆమె ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. రక్తపోటు గురించి ఒక డాక్టరు మాట్లాడుతున్న నిమిషం వీడియో అది. సౌండు నిండుగా పెట్టి ఉంది, ఆ సంగతి ఆమెకు తెలియదు. 'బీపీ అదుపులోకి వస్తే మాత్రలు ఆపొచ్చట, మరి మా డాక్టరు ఎప్పటికీ వేసుకోవాలి అంటాడేంటి?' అని అడిగింది. పసుపు రంగు పెద్ద అక్షరాల్లో 'మాత్రలు ఆపొచ్చు' అనే ఉంది. వీడియోను వెనక్కి జరిపి విన్నాను. ఆ డాక్టరు స్పష్టంగా, ఒత్తి పలుకుతూ, 'బీపీ నార్మల్‌కి వచ్చింది కదా అని మాత్రలు ఆపొద్దు' అన్నారు. ఆ మాటను కాగితం మీద రాసి చూపించాను. అక్క ఆ రెండు మాటల వంకా కాసేపు చూసి, 'ఇన్నాళ్లూ ఇలాంటివి ఎన్ని చదివానో' అంది. అప్పటి నుంచి ఏ వీడియోలో ఏ సలహా చదివినా తెచ్చి నాకు చూపించి, నిజంగా ఇలాగే అన్నారా అని అడుగుతోంది. ఫోను రాకతో ఆమెకు దక్కిన స్వతంత్రంలో సగం ఆ ఒక్క మాటతో పోయింది.

ఆపొచ్చు, ఆపొద్దు. తినండి, తినకండి. తగ్గుద్ది, తగ్గదు. తెలుగులో 'కాదు' అనే అర్థం విడి మాటగా నిలబడటం కన్నా క్రియ కడుపులో కలిసిపోవడమే ఎక్కువ. అందుకే ఒక హల్లు జారితే వాక్యం అర్థం తలకిందులవుతుంది, కానీ వాక్యం చూడటానికి నిక్షేపంగా ఉంటుంది. మీ పాలిటీ పాఠాన్నే తీసుకోండి. 'ద్రవ్య బిల్లును రాజ్యసభ పద్నాలుగు రోజులకు మించి ఆపొద్దు' అని మీరు అంటే, యాప్ 'ఆపొచ్చు' అని వేస్తే, 109వ అధికరణం చెప్పిన దానికి సరిగ్గా వ్యతిరేకమైనది మీ పేరు మీద విద్యార్థికి చేరుతుంది. '371డి' అన్నది '371బి'గా పడితే, మీరు చెబుతున్న ప్రత్యేక నిబంధన మన రెండు రాష్ట్రాలను వదిలి అస్సాంకు వెళ్లిపోతుంది, ఎందుకంటే 371బి అనే అధికరణం నిజంగానే ఉంది, అది అస్సాంకు సంబంధించినది. 'ముల్కీ' కాస్తా 'మూలిక' అయితే తప్పని వెంటనే తెలుస్తుంది. నాకు భయం ఆ తరహా తప్పుల గురించి కాదు.

ఇక మీ ఎడిటర్ తమ్ముడి తొంభై శాతం సంగతి. నిమిషానికి నూట ఇరవై మాటల చొప్పున చెప్పినా తొంభై సెకన్లలో మీరు నూట ఎనభై మాటలు చెబుతారు. అందులో పది శాతం తప్పంటే పద్దెనిమిది మాటలు. ఆ పద్దెనిమిదీ ఎక్కడ పడతాయన్నది ముఖ్యం. 'అయితే', 'కాబట్టి', 'మనం', 'ఉంది' వంటివి యాప్ ఎన్నో సార్లు విని నేర్చుకున్న మాటలు. వాటి దగ్గర అది సాధారణంగా తడబడదు. తడబడేది మనుషుల పేర్ల దగ్గర, ఊళ్ల పేర్ల దగ్గర, సంవత్సరాల దగ్గర, జీవో నంబర్ల దగ్గర, ఉర్దూ నుంచి మన పరిపాలనలోకి వచ్చిన మాటల దగ్గర. ప్రశ్నపత్రంలో ప్రశ్నలు వచ్చేది కూడా సరిగ్గా అక్కడే. ఒక విద్యార్థి రాసిన జవాబులో పేర్లూ సంవత్సరాలూ తప్పి, మిగతా వాక్యాలన్నీ చక్కగా ఉంటే మీరు ఆ పేపరుకు తొంభై మార్కులు వేయరు కదా. వెబ్ ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది: రికార్డు చేసిన వీడియోకు క్యాప్షన్లు ఉండటం దాని మార్గదర్శకాల్లో అన్నిటికన్నా కింది స్థాయి నియమం, అంటే కనీసం ఉండవలసినది, యంత్రం వేసిన క్యాప్షన్లను మనిషి చూసి పూర్తిగా సరైనవని నిర్ధారించుకుంటే తప్ప ఆ నియమం నెరవేరినట్టు కాదు.

వినపడనివాళ్లు ఎంతమంది చూస్తారన్న ప్రశ్నను, అడిగిన తీరు నాకు నచ్చకపోయినా, పక్కన పెట్టను. 2011 జనగణనలో వినికిడి వైకల్యం ఉన్నట్టు నమోదైనవారు దేశంలో 50 లక్షల 71 వేల మంది. ఆ లెక్కలోకి రానివారు అంతకన్నా ఎక్కువే ఉంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరులు, 60 నుంచి 70 దాకా ఉంటే వినికిడి మందగించినవారు. 50 డెసిబెల్స్ లోపం ఉన్న మనిషికి వైకల్య సర్టిఫికెట్ రాదు. కానీ మాట వెనక మీరు సంగీతం పెట్టారంటే ఆ మాట ఆయనకు అందదు. అదే చట్టంలోని 34వ సెక్షన్ ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతానికి తగ్గకుండా రిజర్వేషన్ ఇస్తూ, అందులో 1 శాతాన్ని బధిరులకు, వినికిడి మందగించినవారికి కేటాయించింది. అంటే మీరు పాఠం చెబుతున్న పరీక్షలకే, మీ వీధిలోనే గదులు అద్దెకు తీసుకుని, ఆ 1 శాతంలో చోటు కోసం చదువుతున్నవారు ఉన్నారు. పక్క అభ్యర్థి కోచింగ్ సెంటరులో వెనక బెంచీలో కూర్చుని కూడా వినగలిగిన పాఠం వీరికి మొదటి బెంచీలో కూర్చున్నా సగమే అందుతుంది. అలాంటి వారికి మీ వీడియో ఎంత విలువైనదో మీకు ఆ అభ్యర్థి పంపిన సందేశమే చెబుతోంది: తప్పు దొరికాక కూడా ఆయన మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోలేదు, మీకు రాశారు.

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో ఇయర్‌ఫోన్లు మరచిపోయి వచ్చిన అభ్యర్థి, మెట్రోలో నిలబడి వెళ్తూ సౌండు కట్టేసి చూసే ఉద్యోగి, ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ తెలుగు మాధ్యమంలో పరీక్ష రాసే అమ్మాయి, వీళ్లందరికీ క్యాప్షన్లు పనికొస్తాయి. టీవీ పాటల కింద అదే భాషలో అక్షరాలు వేస్తే చూసేవారి చదివే నేర్పు పెరుగుతుందని అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి 1996లో మొదలుపెట్టిన ప్రయత్నం కూడా మీకు తెలిసే ఉంటుంది. అయినా వీళ్ల పేరు చెప్పి మిమ్మల్ని ఒప్పించడం నాకు ఇష్టం లేదు. వీళ్లకు క్యాప్షన్ ఒక సౌకర్యం. మీకు రాసిన అభ్యర్థికి మాత్రం అందే పాఠమంతా అదే.

పెదవులు చూసి తెలుసుకోవచ్చు కదా అనేవారు ఉంటారు కాబట్టి ఆ మాట కూడా చెప్పాలి. అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రానీయకుండా 'పాట', 'బాట', 'మాట' అని పలికి చూడండి. మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుని ఒకేలా తెరుచుకుంటాయి. 'క', 'గ' వంటివి గొంతు దగ్గర పుట్టే శబ్దాలు, అవి బయటికి అసలే కనిపించవు. మా అక్క పెదవులు చదవడంలో నలభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. అయినా సగం ఊహించుకుంటానని తనే చెబుతుంది. ముందు వెనక మాటలు తెలిస్తేనే ఆ ఊహ కుదురుతుంది, కొత్త పేరు వస్తే కుదరదు. చరిత్ర పాఠం నిండా కొత్త పేర్లే. అందుకే ఆమెలాంటివారు పెదవులనూ అక్షరాలనూ కలిపి చదువుతారు. మీ వీడియోల్లో మైకు నోటికి అడ్డంగా ఉంటున్నా, క్యాప్షన్ సరిగ్గా గడ్డం మీద పడుతున్నా, కిటికీకి వీపు పెట్టి కూర్చోవడం వల్ల ముఖం చీకటిగా కనిపిస్తున్నా ఆ సంగతి కూడా చూసుకోండి.

మీ యాస ప్రశ్నకు ఇక్కడే జవాబు దొరుకుతుంది. మార్చకండి. మీరు 'జర పైలం, ఈడ అందరు తప్పు చేస్తరు' అంటే క్యాప్షన్‌లోనూ అదే ఉండాలి. 'కొంచెం జాగ్రత్త, ఇక్కడ అందరూ పొరపాటు చేస్తారు' అని ఉండకూడదు. పెదవులు ఒకటి పలుకుతుంటే అక్షరాలు మరొకటి చెబితే, రెంటినీ కలిపి చదివేవారికి అడుగడుగునా తొట్రుపాటే. వినికిడి యంత్రం పెట్టుకుని కొంత వినేవారికి ఇది ఇంకా అలసట. అంతకన్నా ముఖ్యమైనది, మీరు ఎలా మాట్లాడతారో తెలుసుకునే హక్కు వినగలిగిన విద్యార్థికి ఎంత ఉందో ఆయనకూ అంతే ఉంది. మీ గొంతులోని చనువును క్యాప్షన్ దగ్గర ఆపేయడం న్యాయం కాదు. అయితే యాస వేరు, అచ్చుతప్పు వేరు: 'చేస్తరు' యాస, 'చెస్తారు' అచ్చుతప్పు. ఇంగ్లిషు మాటలను కూడా మీరు అన్నట్టే తెలుగు లిపిలో వేయండి. మీరు 'నోటిఫికేషన్' అన్న చోట 'ప్రకటన' అని దిద్దకండి. క్లాసులో ఎవరైనా 'నక్కో సార్' (వద్దు సార్) అంటే అదీ అలాగే పడాలి, హైదరాబాదులో అది ఎవరికీ అర్థం చెప్పనక్కరలేని మాట. పదేపదే వచ్చే 'అంటే', 'ఇగ', 'ఆఁ' వంటి ఊతపదాలను మాత్రం చదువుకు అడ్డమైన చోట తీసేయవచ్చు.

ఇప్పుడు గంట పని విషయానికి వస్తాను. ఆ గంట ఎందుకు పడుతోందంటే, మీరు ముందు మాట్లాడి, తర్వాత యాప్ రాసినదాన్ని అక్షరం అక్షరం దిద్దుతున్నారు. పనిని తిరగేయండి. పాఠం చెప్పేవారు కాబట్టి మీ దగ్గర నోట్సు ఎలాగూ ఉంటుంది. తొంభై సెకన్లకు కావలసిన నూట ఎనభై మాటలను ముందే టైపు చేసుకోండి, లేదా ఫోనుకు చెప్పి టైపు చేయించి ఒకసారి సరిచూసుకోండి. ఆ తర్వాత రికార్డు చేయండి. అప్పుడు క్యాప్షన్‌కు కావలసిన వచనం సిద్ధంగా ఉంటుంది, రికార్డింగులో మీరు అటూ ఇటూ మార్చిన చోట్ల మాత్రమే దిద్దాలి. దీనితో పాటు మీ సబ్జెక్టులో తరచూ వచ్చే పేర్లు, అధికరణాలు, సంవత్సరాలతో ఒక పట్టిక ఉంచుకోండి: ముల్కీ, ఫర్మానా, రజాకార్లు, పెద్దమనుషుల ఒప్పందం, ఆరు సూత్రాల పథకం, 371డి, జీవో 610. ఎడిటర్ తమ్ముడు వీడియో ముగించే ముందు ఈ పట్టికలో ఉన్న ప్రతి మాట దగ్గరా ఆగి చూడాలి. పట్టికలో లేకపోయినా ప్రతి అంకె దగ్గరా, 'వద్దు', 'కాదు', 'లేదు', 'రాదు' అర్థం ఉన్న ప్రతి క్రియ దగ్గరా ఆగాలి. చివరికి ఒకసారి సౌండు పూర్తిగా కట్టేసి, వీడియోను మొదటి నుంచి చివరి దాకా చదువుతూ చూడండి. సౌండుతో చూస్తే మీ చెవి తప్పులను కప్పేస్తుంది. కట్టేస్తే అవి వాటంతట అవే బయటపడతాయి. ఈ పద్ధతిలో పది వీడియోలు చేసేసరికి పని పావుగంటకు దిగుతుందని నా అనుభవం.

వీలైనంత వరకు క్యాప్షన్లను వీడియో మీద చెక్కేయకుండా విడి ఫైలుగా ఇవ్వండి. ఎస్‌ఆర్‌టీ అనే ఫైలు చాలా సులువైనది, నోట్‌ప్యాడ్‌లో కూడా రాసుకోవచ్చు. వరుస సంఖ్య, దాని కింద మాట మొదలయ్యే సమయం, ముగిసే సమయం, దాని కింద ఆ మాటలు, తర్వాత ఒక ఖాళీ లైను, అంతే:

7
00:00:21,400 --> 00:00:24,900
1969లో జరిగిన ఉద్యమానికి
ముల్కీ నిబంధనలే మూలం.

సెకన్ల తర్వాత కామా పెట్టి మిల్లీసెకన్లు రాయాలి, ఫైలును యూటీఎఫ్-8గా సేవ్ చేయాలి. తెలుగును యూనికోడ్‌లోనే టైపు చేయాలి. మన డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లతో టైపు చేసినది ఇక్కడ పిచ్చి గీతలుగా పడుతుంది. యూట్యూబ్ స్టూడియోలో ఈ ఫైలును ఎక్కిస్తే, రేపు తప్పు తెలిసినప్పుడు వీడియోను ముట్టుకోకుండా ఫైలును మార్చుకోవచ్చు. చూసేవారు అక్షరాలను తమకు కావలసినంత పెద్దవి చేసుకోవచ్చు కూడా. రీల్స్‌లో మాత్రం చెక్కిన అక్షరాలే ఎక్కువ కాబట్టి అక్కడ పెట్టేముందే తప్పు దిద్దుకోవాలి. పాఠం పూర్తి వచనాన్ని వివరణ పెట్టెలో కూడా పెట్టండి. చూపూ వినికిడీ రెండూ లేనివారు బ్రెయిలీ పరికరంతో చదవగలిగేది ఆ వచనాన్నే, వీడియో మీద చెక్కిన అక్షరాలను కాదు.

అక్షరాలు ఎలా కనిపించాలన్నది చిన్న విషయంగా తీసుకోకండి. ఒకసారికి రెండు లైన్లకు మించకూడదు. లైను విరిచేటప్పుడు '371'ను ఒక లైనులో, 'డి'ని మరో లైనులో వదలకండి. సంవత్సరాన్నీ దానికి సంబంధించిన మాటనూ విడదీయకండి. తెలుగు అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది, 'రాష్ట్రం' వంటి మాటలో ఒకే అక్షరం కింద రెండు వత్తులు ఉంటాయి. ఇంగ్లిషు కోసం కుదిర్చిన లైన్ల ఎడాన్నే ఉంచితే పై లైను వత్తులు కింది లైను గుడులను తాకి, రెండూ చదవరాకుండా పోతాయి, ఎడం పెంచండి. నోటో సాన్స్ తెలుగు ఫాంటు వంటి నిండైన అక్షరాలు, నల్లటి పట్టీ మీద తెల్లటి రంగు చాలు. అక్షరానికీ వెనకనున్న దానికీ కనీసం 4.5 : 1 నిష్పత్తిలో వెలుగు తేడా ఉండాలన్నది ప్రమాణం, తెలుపు నలుపులు దానికన్నా ఎంతో పైన ఉంటాయి. తెర అడుగు భాగంలో ఖాతా పేరు, వివరణ పడతాయి, కుడి పక్కన లైకు, షేరు గుర్తులు పడతాయి కాబట్టి క్యాప్షన్‌ను కాస్త పైకి జరపండి. ఇక, ఒక్కొక్క మాటా ఎగిరిపడుతూ, రంగులు మారుస్తూ వచ్చే క్యాప్షన్ల సంగతి. అవి కంటిని పట్టి లాగుతాయని ఎడిటర్లకు ఇష్టం. కానీ చదివి అర్థం చేసుకోవాలనుకునే మనిషికి వాక్యం ఎప్పుడూ పూర్తిగా కనిపించదు, ఒక్క రెప్పపాటులో 'వద్దు' అన్న మాట జారిపోతుంది. పాఠం చెప్పే వీడియోల్లో వాటిని వాడవద్దని గట్టిగా చెబుతాను.

మాటలే కాదు, అర్థం ఉన్న శబ్దాలు కూడా క్యాప్షన్‌లో ఉండాలి. కెమెరా వెనక నుంచి ఎవరైనా ప్రశ్న వేస్తే 'విద్యార్థి:' అని రాసి ఆ ప్రశ్నను వేయండి. లేకపోతే మీరు గాలితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అందరూ నవ్వితే [నవ్వులు] అని వేయండి. అది అనవసరం అనిపించవచ్చు. భోజనాల దగ్గర మా ముఖాలు చూసిన మా అక్కను చూసి ఉంటే మీకు అలా అనిపించదు.

చట్టం గురించి మీరు అడగలేదు గానీ, పాలిటీ చెప్పేవారు కాబట్టి రెండు మాటలు. 2016 చట్టంలోని 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో సంజ్ఞా భాష, క్యాప్షన్లు అందేలా చూసే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. 46వ సెక్షన్ అందుబాటు నియమాలను ప్రైవేటు సేవాసంస్థలకూ వర్తింపజేసింది. ఆ నియమాలు వట్టి సిఫారసులుగా ఉంటే చాలదని, తప్పనిసరి ప్రమాణాలు ఉండాలని రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని కోర్టు పేర్కొంది. మీ తొంభై సెకన్ల పాఠానికి ఇది మంచి అంశం, క్యాప్షన్లు సరిచూసి పెడితే.

క్యాప్షన్లతో అందరి అవసరమూ తీరదన్నది కూడా నిజమే. పుట్టుకతో వినికిడి లేనివారిలో చాలామందికి మొదటి భాష భారతీయ సంజ్ఞా భాష. రాసిన తెలుగు వారికి కష్టపడి నేర్చుకున్న రెండో భాష. పొడవైన వాక్యాల క్యాప్షన్ వారికి మనకు చదివినంత సులువుగా ఉండదు. ముఖ్యమైన పాఠాలకైనా సంజ్ఞా భాష వచ్చిన వ్యక్తిని పక్కన నిలబెట్టగలిగితే ఎంతో మేలు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వినికిడి, మాట వైకల్యాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ అడిగితే దారి చూపుతారు. ఇది ఈ వారమే కావలసిన పని కాదు. క్యాప్షన్లు సరిచేయడం మాత్రం ఈ వారమే కావాలి.

పాత వీడియోలన్నీ ఒక్కసారిగా దిద్దాలని కూర్చుంటే మీరు విసిగి మానేస్తారు. సంవత్సరాలు, అధికరణాలు, పరీక్ష నిబంధనలు చెప్పిన వీడియోలను, అందులోనూ ఎక్కువమంది చూసినవాటిని ముందు తీసుకోండి. విడి ఫైలు ఉన్న చోట ఫైలు మార్చండి. అక్షరాలు చెక్కేసిన వీడియోలో ఇలాంటి తప్పు ఉంటే, వ్యూస్ పోయినా సరే, తీసేసి కొత్తది పెట్టండి. అది పెట్టేలోగా ఆ తప్పేమిటో, సరైనదేమిటో కామెంట్లలో అందరికన్నా పైన పిన్ చేసి ఉంచండి.

ఆ అభ్యర్థికి ఈ రాత్రే జవాబు రాయండి. ఏ వీడియో సరిచేశారో చెప్పండి. ఇకపై మీ వీడియోల్లో తప్పులు వెతికిపెట్టమని మాత్రం ఆయనను అడగకండి. ఆయన పరీక్షకు చదువుకోవాలి, తప్పులు చూసుకోవడం మీ పని. నోట్సులో ఆయన రాసుకున్నది 1929 కాదు, 1969 అని అంకెల్లో రాసి, అదే వీడియోలో ఆ రోజు మీరు చెప్పిన మిగతా పేర్లనూ సంవత్సరాలనూ కూడా వరుసగా టైపు చేసి ఆయనకు పంపండి.